ఒక్క మాట చెప్పండి.. సాయం ఉంది!

కుంగుబాటు కమ్ముకున్నప్పుడు ఎవరికి ఫోన్‌ చేయాలి? ఏం చెప్పాలి? స్నేహితుడిలో మార్పు కనిపిస్తే ఎలా పలకరించాలి? ఉద్యోగాల వేటలో ఉన్న ప్రతి విద్యార్థీ తెలుసుకోవాల్సిన విషయాలివి.

‘ఇప్పుడేం చేస్తున్నావు బాబూ?’

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని వారికి ఇంతకంటే కష్టమైన ప్రశ్న ఏ ఇంటర్వ్యూలోనూ ఎదురుకాదు. పెళ్లికి వెళ్తే బంధువులు అడుగుతారు. పండక్కి ఊరెళ్తే పక్కింటివాళ్లు అడుగుతారు. అడిగినవారు మరుక్షణమే మరిచిపోతారు. జవాబు చెప్పినవారికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు.

నోటిఫికేషన్‌ కోసం ఎదురుచూపులు. వచ్చాక పరీక్ష వాయిదా. రాశాక ‘కీ’ మీద అభ్యంతరాలు. ఫలితాలొచ్చాక కోర్టు కేసులు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు, అవనిగడ్డలో డీఎస్సీకి, నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్‌ కోర్సులకు సిద్ధమయ్యే లక్షల మంది జీవితం ఇలాగే నడుస్తోంది. వీళ్ల దగ్గర సిలబస్‌కు ప్రణాళిక ఉంటుంది. మాక్‌ టెస్టులకు టైంటేబుల్‌ ఉంటుంది. ‘ఇక నావల్ల కాదు’ అనిపించిన రోజు ఏం చేయాలన్నదానికి మాత్రం ఏ ప్రణాళికా ఉండదు. నిజానికి అన్నిటికంటే ముందు ఉండాల్సింది అదే.

అంకెలు ఏం చెబుతున్నాయి?

జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో విద్యార్థులు 13,044 మంది. అంటే రోజుకు సగటున 35 మందికి పైగా. నిరుద్యోగులు 15,783 మంది. ప్రపంచవ్యాప్తంగా చూసినా 15-29 ఏళ్ల వారి మరణాలకు ప్రధాన కారణాల్లో ఆత్మహత్య మూడో స్థానంలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

‘ఫెయిలయ్యాడని..’, ‘ఉద్యోగం రాలేదని..’ అంటూ ఒక్క ముక్కలో కారణం చెప్పేయడం మనకు అలవాటు. కానీ ఒక్క పరీక్షో, ఒక్క ఇంటర్వ్యూనో మనిషిని ఆ స్థితికి తీసుకెళ్లదు. దాని వెనుక నెలల తరబడి పట్టని నిద్ర, ఇంట్లో అప్పులు, ఒంటరితనం, అవమానం, గుర్తించని డిప్రెషన్, మద్యం అలవాటు.. ఇలా ఎన్నో కలిసి ఉంటాయి. వీటిలో చాలావాటికి పరిష్కారం ఉంది. డిప్రెషన్‌కు చికిత్స ఉంది. అప్పుకు గడువు అడగొచ్చు. పరీక్ష మళ్లీ రాయొచ్చు. సమస్య పోకపోయినా, దాన్ని మోసే బరువు తగ్గించుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. చనిపోవాలనే ఆలోచన ఎంత తీవ్రంగా ఉన్నా అది ఎప్పటికీ అలాగే ఉండిపోదు. కెరటంలా లేస్తుంది, తగ్గుతుంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆత్మహత్యాయత్నం చేయబోతుండగా ఆపి కాపాడిన 515 మంది తర్వాతి జీవితాలను రిచర్డ్‌ సైడెన్‌ అనే పరిశోధకుడు పరిశీలించారు. 1978లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఏళ్లు గడిచాక చూస్తే వారిలో దాదాపు 94 శాతం మంది జీవించే ఉన్నారు, లేదా సహజ కారణాలతో మరణించారు. ఆ ఒక్క గడియ దాటించగలిగితే, ఆ మనిషికి ముందు ఒక జీవితం మిగిలి ఉంటుందన్నమాట.

ఈ సంకేతాలను తేలిగ్గా తీసుకోవద్దు

బాధ, దిగులు అందరికీ ఉంటాయి. ఫలితాలొచ్చిన రోజు ఏడవడం జబ్బు కాదు. కానీ రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటే, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోతే డాక్టర్‌ను కలవాల్సిందే. కింది మార్పులు మీలో గానీ, రూమ్‌మేట్‌లో గానీ కనిపిస్తే జాగ్రత్తపడండి.

- నిద్ర బాగా తగ్గిపోవడం, లేదా రోజంతా మంచం దిగకపోవడం. ఆకలి లేకపోవడం.
- పుస్తకం ముందు గంటలు కూర్చున్నా ఒక్క పేజీ తలకెక్కకపోవడం.
- మెస్‌కు రాకపోవడం, ఫోన్లు ఎత్తకపోవడం, గ్రూపుల నుంచి ఉన్నట్టుండి తప్పుకోవడం.
- మద్యం, గంజాయి వాడకం మొదలవడం, లేదా పెరగడం.
- ‘నేను లేకపోతే ఇంట్లోవాళ్లకు భారం తగ్గుతుంది’, ‘ఇంకెన్నాళ్లులే’ లాంటి మాటలు. నవ్వుతూ అన్నా సరే.
- ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అందరికీ వీడ్కోలు చెబుతున్నట్టు మెసేజ్‌లు పెట్టడం.
- చాలాకాలం కుంగిపోయి ఉన్నవారు కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా మారిపోవడం.

చివరి మూడూ కనిపిస్తే ‘రేపు మాట్లాడదాంలే’ అనుకోవద్దు. ఆ రోజే మాట్లాడాలి.

ఎలా అడగాలి?

చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. ‘చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే, లేని ఆలోచన మనమే కలిగించినట్టు కాదా?’ అని. కాదు. సూటిగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని, పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. పైగా ‘ఎవరికీ చెప్పుకోలేని మాట వీడు అడిగాడు’ అన్న ఊరట దొరుకుతుంది.

నలుగురిలో వద్దు. టీ తాగడానికి బయటికి తీసుకెళ్లండి. లేదా మేడ మీద కాకుండా కింద, ఇద్దరే కూర్చునే చోటు చూసుకోండి. ఇలా మొదలుపెట్టవచ్చు.

‘ఈమధ్య నువ్వు నువ్వులా లేవురా. తిండి కూడా సరిగా తినట్లేదు. ఏమైంది?’

అవతలి వాళ్లు చెబుతుంటే మధ్యలో అడ్డుపడకండి. మౌనంగా ఉన్నా తొందరపెట్టకండి. తర్వాత సూటిగా అడగండి: ‘ఇంత కష్టంగా ఉంది కదా.. చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?’

‘అవును’ అంటే కంగారుపడొద్దు. ‘నాకు చెప్పి మంచిపని చేశావు. ఇప్పుడు ఇద్దరం ఉన్నాం. ఏం చేయాలో కలిసి చూద్దాం’ అనండి. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. గదిలో ప్రమాదకరమైనవి ఏవైనా ఉంటే తీసేయండి. పక్కనే కూర్చుని హెల్ప్‌లైన్‌కు మీరే ఫోన్‌ కలపండి. ఇంట్లోవాళ్లలో తను ఎవరిని నమ్ముతారో (అక్క, బాబాయి, మామయ్య.. ఎవరైనా) అడిగి వారికి చెప్పండి. ‘ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి’ అంటే మాత్రం ఒట్టు వేయకండి. ‘నీ ప్రాణం కంటే నాకు ఆ మాట ఎక్కువ కాదు. అవసరమైన వాళ్లకే చెబుతా’ అని నిజాయతీగా చెప్పండి. ఇప్పుడు కోపం వచ్చినా, తర్వాత అర్థమవుతుంది.

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. ‘ఇంత చిన్నదానికేనా?’, ‘నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా?’, ‘అమ్మానాన్నల గురించి ఆలోచించవా?’, ‘పాజిటివ్‌గా ఉండు’. చెప్పేవారి ఉద్దేశం మంచిదే. వినేవారికి మాత్రం ‘నా బాధ వీళ్లకు అర్థం కాదు’ అనిపిస్తుంది. ఆ తలుపు మళ్లీ తెరవడం కష్టం.

14416కు ఫోన్‌ చేస్తే ఏమవుతుంది?

‘టెలి మానస్‌’ కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ. 2022-23 బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ ఏడాది అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు ప్రారంభించారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌ దీనికి నోడల్‌ కేంద్రం. నంబరు 14416. ఇది కలవకపోతే 1800-891-4416. 24 గంటలూ పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. తెలుగు సహా 20 భాషల్లో సేవలున్నాయి. 2025 నాటికే 20 లక్షలకు పైగా కాల్స్‌ వచ్చాయి. కాబట్టి ఫోన్‌ చేసేది మీరొక్కరే కాదు.

ఫోన్‌ కలవగానే ముందు భాష ఎంచుకోమంటుంది. తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్‌ మాట్లాడతారు. పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. ‘నాకు కొన్ని రోజులుగా బాగాలేదు. బతకాలనిపించట్లేదు’ అంటే చాలు. మాటలు రాకపోతే ‘ఎలా చెప్పాలో తెలియట్లేదు’ అనండి. మిగతావి వాళ్లే అడుగుతారు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాట ముందే చెప్పండి. సమస్య తీవ్రంగా ఉంటే కౌన్సెలర్‌ మిమ్మల్ని సైకియాట్రిస్టు వంటి నిపుణులకు కలుపుతారు. నేరుగా వైద్యం అవసరమైతే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందానికి పంపుతారు.

మొదటిసారి లైన్‌ దొరకకపోవచ్చు. మాట్లాడినవారితో మనసు కలవకపోవచ్చు. ఒక మాక్‌ టెస్టులో మార్కులు తగ్గితే పరీక్ష మానేయం కదా. మళ్లీ చేయండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్టు: ఎంబీబీఎస్‌ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్‌. జబ్బు నిర్ధారిస్తారు, మందులు రాస్తారు.

క్లినికల్‌ సైకాలజిస్టు: మందులు రాయరు. మాటల ద్వారా చేసే చికిత్స, మానసిక పరీక్షలు వీరి పని. రిహాబిలిటేషన్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్‌ ఉందో లేదో అడగడం మీ హక్కు.

కౌన్సెలర్‌: చదువు, కెరియర్, కుటుంబ ఒత్తిళ్ల వంటి విషయాల్లో దారి చూపుతారు. సమస్య తమ పరిధి దాటితే డాక్టర్‌ దగ్గరికి పంపుతారు.

డబ్బు లేదని ఆగిపోవద్దు. ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఓపీ కౌంటర్‌లో ‘సైకియాట్రీ ఓపీ’ అని అడిగితే చీటీ రాసిస్తారు. హైదరాబాద్‌ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రత్యేకంగా ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ‘ఎర్రగడ్డ’ పేరును జోకుల్లో వాడటం మనకు అలవాటైపోయింది. ఆ జోకు విని చికిత్సకు వెనకాడిన మనిషి మన పక్క బెంచీలోనే ఉండొచ్చు.

డాక్టర్‌ దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: సమస్య ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎలా ఉంది, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా, ఏవైనా మందులు, మద్యం వాడుతున్నారా, కుటుంబంలో ఎవరికైనా ఇలాంటి సమస్య ఉందా. కంగారులో అన్నీ గుర్తురావు. థైరాయిడ్‌ లోపం, రక్తహీనత, బీ12 లోపం వల్ల కూడా నీరసం, దిగులు వస్తాయి. కాబట్టి డాక్టర్‌ రక్త పరీక్షలు రాస్తే ఆశ్చర్యపోవద్దు.

వెనక్కి లాగే భయాలు

‘మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా?’
అందరికీ అక్కర్లేదు. డిప్రెషన్‌కు ఎక్కువగా రాసే మందులకు మత్తుమందుల్లా బానిసలు కారు. అయితే ఫలితం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం వాడి ‘ఏం తేడా లేదు’ అని ఆపేయొద్దు. బాగుందని సొంతంగా మానేయొద్దు. మొదటి వారాల్లో ఆందోళన గానీ, చనిపోవాలనే ఆలోచనలు గానీ పెరిగినట్టు అనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. పాతికేళ్లలోపు వారు, వారి ఇంట్లోవారు ఈ విషయం తప్పక గుర్తుంచుకోవాలి. మెడికల్‌ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవడం మాత్రం అసలు చేయకూడదు.

‘కాలేజీకి, కంపెనీకి తెలిసిపోతే ఉద్యోగం రాదేమో?’
మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 మీ చికిత్స వివరాలకు గోప్యత హక్కు ఇచ్చింది. చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా వాటిని బయటపెట్టకూడదు. పైలట్, రక్షణ దళాల వంటి కొన్ని ఉద్యోగాలకు ప్రత్యేక వైద్య ప్రమాణాలుంటాయి. అక్కడ అడిగినదానికి నిజమే చెప్పాలి. అలాగని చికిత్స వాయిదా వేస్తే పోయేది ఆరోగ్యమే. పైగా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. నిర్దేశించిన స్థాయిలో వైకల్యం ఉండి, ధ్రువపత్రం పొందినవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్‌ వర్తిస్తుంది.

‘ఆత్మహత్యాయత్నం చేస్తే పోలీసు కేసు పెడతారా?’
ఈ భయంతోనే కొన్ని కుటుంబాలు ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేస్తాయి. 2017 చట్టంలోని 115వ సెక్షన్‌ ప్రకారం అలాంటి వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత ఐపీసీ 309 సెక్షన్‌ లేదు. ప్రభుత్వ ఉద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికో, అడ్డుకోవడానికో చేసే ప్రయత్నాన్ని మాత్రమే నేరంగా ఉంచారు. కాబట్టి ముందు 108కి ఫోన్‌ చేయండి. మిగతావి తర్వాత.

‘బీమా వర్తిస్తుందా?’
శారీరక జబ్బులకు ఎలా వర్తింపజేస్తారో, మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలని ఇదే చట్టం చెబుతోంది. ఇంట్లో పాలసీ ఉంటే ఈ విషయం అడగండి.

కాలేజీని అడిగే హక్కు మీకుంది

ఒత్తిడిని తట్టుకోవడం విద్యార్థి ఒక్కడి పని కాదు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న కీలక తీర్పు ఇచ్చింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో మానసిక ఆరోగ్యం కూడా భాగమేనని చెప్పింది. చట్టం వచ్చేవరకు అన్ని విద్యాసంస్థలూ పాటించాలంటూ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. కోచింగ్‌ సెంటర్లు, హాస్టళ్లూ వీటి పరిధిలోకి వస్తాయి. అందులో ముఖ్యమైనవి:

- 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్‌ వర్కర్‌ ఉండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి.
- మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలి.
- టెలి మానస్‌ సహా హెల్ప్‌లైన్‌ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో, వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాలతో కనిపించేలా పెట్టాలి.
- బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

మీ నోటీసు బోర్డు మీద 14416 ఉందా? ర్యాంకర్ల ఫొటోలకు గోడంతా ఇచ్చిన సంస్థ, ఒక నంబరుకు అడుగు జాగా ఇవ్వలేదా? నలుగురు కలిసి ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా వినతిపత్రం ఇవ్వండి. ఉన్నత విద్యాసంస్థల్లో ఆత్మహత్యల నివారణకు జస్టిస్‌ రవీంద్ర భట్‌ నేతృత్వంలో జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను కూడా సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఏర్పాటు చేసింది. ఆదేశాలు కాగితం దాటి క్యాంపస్‌లోకి రావాలంటే అడిగేవాళ్లుండాలి.

ఫలితాల రోజుకూ ఒక ప్రణాళిక

పరీక్షకు హాల్‌టికెట్, పెన్నులు ముందురోజే సర్దుకుంటాం. ఫలితాల రోజుకూ అలాగే సిద్ధం కావాలి.

1. ఫలితం ఒంటరిగా గదిలో చూడకండి. నమ్మకమైన ఒకరు పక్కన ఉండాలి.
2. ఫలితం ఎలా ఉన్నా ఆ రోజు పెద్ద నిర్ణయాలేవీ వద్దు. సోషల్‌ మీడియాకు ఒక రోజు సెలవు ఇవ్వండి.
3. ‘రాకపోతే ఏంటి’ అన్నది పరీక్షకు ముందే, మనసు కుదురుగా ఉన్నప్పుడే రాసుకోండి. సప్లిమెంటరీ, రీవాల్యుయేషన్, మరో నోటిఫికేషన్, ప్రైవేటు ఉద్యోగం.. కనీసం రెండు దారులు.
4. ఫోన్‌లో మూడు నంబర్లు పైనే కనిపించేలా పెట్టుకోండి: ఒక స్నేహితుడు, ఇంట్లో ఒకరు, 14416.
5. ఎన్నేళ్లు సిద్ధమవుతారో ముందే గడువు పెట్టుకోండి. ఇన్ని ప్రయత్నాలు, ఇంత వయసు, ఇంత ఖర్చు అని. ఆ గీత దగ్గర దారి మార్చుకుంటే అది ఓటమి కాదు, ముందే వేసుకున్న లెక్క.

ఇంట్లో ఎలా చెప్పాలి?

‘డిప్రెషన్‌’ అనే మాట చాలా ఇళ్లలో అర్థం కాదు. ‘అవన్నీ డబ్బున్నోళ్ల జబ్బులు’ అనేస్తారు. అందుకే కనిపించే లక్షణాలతో మొదలుపెట్టండి. ‘నాన్నా, నెల నుంచి నిద్ర పట్టట్లేదు. అన్నం తినబుద్ధి కావట్లేదు. ఊరికే ఏడుపొస్తోంది. ఒకసారి డాక్టర్‌కి చూపించుకుందాం’ అనండి. నాన్నతో కష్టమైతే అమ్మతో, అమ్మతో కుదరకపోతే అక్కతోనో మేనమామతోనో చెప్పించండి. నేరుగా చెప్పలేకపోతే మెసేజ్‌ రాసి పంపినా తప్పులేదు.

ఈ పేజీ చదివే తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లలు హాస్టల్‌ నుంచి ఫోన్‌ చేసినప్పుడు ‘ఎన్ని మార్కులొచ్చాయి’ కంటే ముందు ‘అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా’ అని అడగండి. ‘నీ కోసం పొలం అమ్మాం’ అన్న మాట వాళ్లకు బాగా గుర్తుంటుంది. ‘నువ్వు ఎలా తిరిగొచ్చినా ఇది నీ ఇల్లే’ అన్న మాట కూడా అంత బాగా గుర్తుండాలి. అది చెప్పకపోతే తెలియదు. ఈరోజే చెప్పండి.

ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్‌ చేసుకోండి

టెలి మానస్‌ (24 గంటలు, ఉచితం, తెలుగులో): 14416 / 1800-891-4416

అత్యవసర సాయం: 112
అంబులెన్స్‌: 108